సర్కారు కంటికి చత్వారం

భరణి కార్తె, రెండో రోజు

కన్ను: కుశలం.

దినచర్య ఈ మాటతోనే మొదలవ్వాలని నిబంధన. నేనెలా ఉన్నానో కొత్తరేవు కస్టమ్స్ శాఖకి అనవసరం. కన్నెలా ఉందో రాస్తే చాలు. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా కన్ను కుశలమనే రాశాను. మా అమ్మ పోయిన రోజున ‘కన్ను: తడి’ అని రాస్తే, తడి ఆరేదాకా సెలవిచ్చారు.

ఉద్యోగంలో నా హోదా పేరే ‘కన్ను’. వెనకటికి ఈ భవనం నిండా మనుషులుండేవారట. ఓడల్లో దిగిన ప్రతి గుడ్డనీ తడిమి, పోగులు లెక్కపెట్టి, అది సుంకాల జాబితాలో ఏ పద్దు కిందికొస్తుందో తేల్చేవారట. తర్వాత పట్టిక వచ్చింది. పట్టిక అంటే మిషను. గుడ్డని దాని ముందు నుంచి అలా తీసుకెళ్తే చాలు, పాలియెస్టరో నైలానో, పోగు ఎంత సన్నమో, ఎలాంటి మరమగ్గం మీద నేశారో గడగడా చెప్పేస్తుంది. దాంతో అందరికీ శాలువాలు కప్పి ఇళ్లకి పంపేశారు. ఆ శాలువాలు ఏ పద్దు కిందికొస్తాయో కూడా పట్టికే చెప్పిందట.

ఒక్క వాక్యం దగ్గర మాత్రం అది ఆగిపోయింది. ‘నేసిన సింథటిక్ గుడ్డ మీది పూత మనిషి మామూలు కంటికి కనబడితే అది పూతగుడ్డ. కనబడకపోతే వట్టి నేతగుడ్డ.’ పూతగుడ్డని అప్పుడే వదిలేయొచ్చు, నేతగుడ్డకైతే రాజధాని అనుమతి కావాలి. పట్టిక నిజాయితీ గలది. “మన్నించాలి, నాకు కెమెరాలున్నాయి గాని కన్ను లేదు” అంది. చట్టం మార్చమని రాజధానికి రాశారు. పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది. ఆ పరిశీలన అయ్యేదాకా రేవుకో కన్ను ఉండాలని మనిషిని పెట్టుకున్నారు. నేను చేరి పదకొండేళ్లయింది. పరిశీలన సాగుతూనే ఉంది, నా జీతమూ సాగుతూనే ఉంది.

ఈ రోజు చూసినవి: గొడుగుల గుడ్డ, పూత కనబడింది. సంచుల గుడ్డ, కనబడలేదు. మా వీధివాళ్ల నీడగుడ్డ తెచ్చే ఓడ రేపో ఎల్లుండో లంగరేస్తుందట.

భరణి కార్తె, ఐదో రోజు

కన్ను: కుశలం.

ఓడ వచ్చింది. మా వీధి గుడ్డ చుట్టలు గోదాములో దిగాయి. సాయంత్రం ఇంటికెళ్లేసరికి వీధిలో పండగలా ఉంది.

మా జాలరి వీధి మీద, ఇళ్ల పైన పందిరిలా పరిచిన నీడగుడ్డ పాతికేళ్లనాటిది. రెండేళ్ల కిందట గాలివానకి తూర్పు చివర, సరిగ్గా నరసమ్మ పిన్ని ఇంటి పైన చిరిగింది. నీడ లేని చోట ఈ రోజుల్లో ఎండ ఎలా ఉంటుందో రాయక్కర్లేదు. ఆ చిరుగులోంచి పడే ఎండముక్క పొద్దున్నే పంపు దగ్గర దిగి, కుడి వరస ఇళ్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ, భోజనాల వేళకి నరసమ్మ పిన్ని అరుగు మీదికొస్తుంది. వీధిలో దాని పేరు ఇన్‌స్పెక్టరు. అది వచ్చే వేళకి ఎవరి చాపలు వాళ్లు, ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకుని తప్పుకుంటారు. ఎవరూ తిట్టుకోరు. ఇన్‌స్పెక్టరన్నాక వస్తాడు, చూస్తాడు, పోతాడు అనుకుంటారు. మా ఇల్లు ఎడమ వరసలో ఉంది. ఈ రెండేళ్లలో మా గడప తొక్కలేదు.

చిక్కల్లా సన్యాసి చిన్నాన్నది. నరసమ్మ పిన్ని మొగుడు. కిందటేడు పడవ మీంచి పడి తుంటి విరిగింది, మంచం దిగలేడు. వాళ్ల ఇంటి పైకప్పు ఎండకి ఉడికిపోయి ఊడొచ్చేసింది. అందుకని రోజూ భోజనాల వేళ నలుగురు వచ్చి ఆయన్ని మంచంతో సహా ఎత్తి ఎదురింటి అరుగు మీద పెడతారు. ఇన్‌స్పెక్టరు వెళ్లాక మళ్లీ లోపల పెడతారు. ఆ వేళకి నేను ఆఫీసులో ఉంటాను కనక ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నరసమ్మ పిన్ని వీధి నీడసంఘానికి పెద్ద. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది.

“నీ సేతిలో పని కదమ్మా. రోయిని కార్తె రాకముందే పరిపించీయాల. రోయినిలో ఇనస్పెట్రు ముసిలోణ్ని బతకనీడు.”

“పూతగుడ్డే కదా పిన్నీ. చూడగానే వదిలేస్తారు” అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

భరణి కార్తె, ఎనిమిదో రోజు

కన్ను: కుశలం.

అబద్ధం. ఈ దినచర్యలో మొదటి మాట పట్టిక చదివి, కన్ను పనిచేస్తోందో లేదో నమోదు చేసుకుంటుంది. తక్కినది మనిషే చదవాలని నిబంధన. చదివే మనుషులకి శాలువాలు కప్పేశారు కాబట్టి ఇక్కడ నిజం రాసుకోవచ్చు.

మా గుడ్డ చూశాను. చూసే పద్ధతి ఇది. ఒక కర్రపీట ఉంటుంది. దాని మీద గడ్డం ఆనించాలి. ముక్కుకి ఎదురుగా జానెడు దూరంలో గుడ్డ ముక్క బిగిస్తారు. చూసి, పూత కనబడిందని అంటే చాలదు. పూత చారలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో కాగితం మీద గీసి చూపించాలి. ఆ గీతని పట్టిక తన దగ్గరున్న పెద్ద బొమ్మతో పోల్చి చూస్తుంది. సరిపోతే సరుకు ఆ రోజే వదిలేస్తారు. సరిపోకపోతే కన్ను లంచం తిన్నట్టు లెక్క, సరుకు జప్తు.

గడ్డం ఆనించాను. ఎదురుగా నీలంగా పొగమంచులాంటిది కనబడింది. చారలు లేవు. కళ్లు చికిలించాను, మూసి తెరిచాను. పొగమంచే.

కొన్నాళ్లుగా నాకు తెలుస్తూనే ఉంది. బియ్యంలో రాళ్లు ఏరడం మానేశాను. మందు సీసా మీది అక్షరాలు చెయ్యి చాపి దూరం పెట్టుకుంటే తప్ప కనబడవు. దీన్ని చత్వారం అంటారు. లోకంలో నలభై దాటిన ప్రతివాళ్లకీ వచ్చేదే, కళ్లజోడు పెట్టుకుంటే తీరేదే. కాని కళ్లజోడు పెడితే నాది మామూలు కన్ను కాదు. ఆపరేషన్ చేయించుకున్న కన్ను మామూలుదా కాదా అన్న కేసు రాజధాని కోర్టులో నడుస్తోంది, తీర్పు రాలేదు. నేను ఒంటరిదాన్ని, చేతిలో వేరే విద్య లేదు. ఈ కన్నే నాకు అన్నం పెడుతోంది.

వింత ఏమిటంటే, గోదాము గుమ్మంలో నిలబడి చూస్తే చుట్టల మీది పూత తళతళా కనబడుతోంది. చారలు కూడా లెక్కపెట్టగలను. చట్టం మాత్రం జానెడు దూరమే అంది, అక్కడ చూసింది ఇక్కడ గీద్దామంటే ఒక్కో ముక్కకి చారల వాలు ఒక్కోలా ఉంటుంది.

భయమేసింది. ‘నిర్ధారణ కాలేదు, కొత్త నమూనా కావాలి’ అని రాశాను.

కృత్తిక కార్తె, మొదటి రోజు

కన్ను: కుశలం.

నమూనా అన్నానే గాని దాని సంగతి అప్పుడు ఆలోచించలేదు. ఒకసారి కన్ను చూసిన ముక్కని మళ్లీ చూడకూడదు. ప్రతిసారీ కొత్త ముక్క కొయ్యాలి. అంచులు నమ్మదగ్గవి కావు కనక ప్రతి చుట్టనీ నడిమికి విప్పి, పూర్తి వెడల్పున బారెడు కొయ్యాలి. ఒకటి కంటికి, ఒకటి పట్టికకి. తేలాక ముక్కలన్నీ సరుకు తెప్పించుకున్నవాళ్లకి తిరిగి ఇచ్చేస్తారు. ఒక్కటి మాత్రం రికార్డు గదిలో శాశ్వతంగా ఉంచుకుంటారు. ఎవరికీ నష్టం లేదని శాఖ నమ్మకం.

పోలినాయుడని మా దగ్గర కత్తెర మనిషి ఉన్నాడు. శాఖలో నేను కాక మిగిలిన మనుషులు అతనూ డిప్యూటీ కమిషనర్ గారూ. కత్తెర మనిషి చేతిలో ఉండాలని కూడా చట్టంలో ఉంది. రెండోసారి కొయ్యడానికి అతను చుట్టలు విప్పుతుంటే నరసమ్మ పిన్ని వచ్చింది. సరుకు తెప్పించుకున్నవాళ్లు కోతకి సాక్షిగా ఉండాలి.

మొదటిసారి కోసినప్పుడు ఆమె ఊరుకుంది. రెండో కోత పడగానే చేత్తో కొలిచింది.

“ఏటి బాబూ ఇది. పంపు కాడ్నించి మా ఇంటి దాకా కొలిపించి నేయించినాం. నడిమిన కోసీస్తన్నారు. పరిస్తే మా ఇంటికి రాదు.”

“ముక్కలు తిరిగి ఇస్తారమ్మా” అన్నాడు పోలినాయుడు.

“ముక్కలేటి సేసుకుంతాను? గాలికి నిలుస్తాయేటి?” అని నా వైపు తిరిగింది. “ఏటమ్మా, నీకు కనపడతన్నాదా నేదా?”

“చూస్తున్నాను పిన్నీ” అన్నాను. అంతకంటే పెద్ద అబద్ధం నేను ఈ దినచర్యలో కూడా రాయలేదు.

గడ్డం ఆనించాను. పొగమంచు. పక్క రేవు కన్నుని పిలిపించమని అడిగాను. ఆయనకి కళ్లకలక వచ్చింది, పదిహేను రోజులు ఎవరి వంకా చూడకూడదట.

రెండోసారీ ‘నిర్ధారణ కాలేదు’ అని రాశాను.

కృత్తిక కార్తె, ఐదో రోజు

కన్ను: కుశలం.

డిప్యూటీ కమిషనర్ త్రివిక్రమరావు గారు పిలిచారు. మర్యాదస్తుడు. కోపం వస్తే మరీ మర్యాదగా మాట్లాడతారు.

“సుభాషిణి గారూ, పూత ఉందా లేదా అనేది చిన్న విషయం కదండీ.”

“చిన్నదే సార్.”

“పోనీ, కనబడలేదని రాసేయండి. వట్టి నేతగుడ్డ అయిపోతుంది. రాజధాని అనుమతి వస్తే వదిలేద్దాం.”

“అనుమతి ఎప్పటికొస్తుంది సార్?”

“వానాకాలం దాటనివ్వండి.”

రోహిణి వచ్చేది పది రోజుల్లో. పోనీ, తాత్కాలికంగా వదలమన్నాను. ఒకసారి అలా వదిలారట. తీరా ఆ గుడ్డ వట్టి నేతగుడ్డ అని తేలితే, పరిచిన నీడని మనుషుల నెత్తి మీంచి దింపించి వెనక్కి తెప్పించాల్సొచ్చిందట. శాఖకి చెడ్డపేరు రావడం ఆయనకిష్టం లేదు.

“మూడోసారి కూడా నిర్ధారణ కాకపోతే కంటి పరీక్ష పెట్టాలి. నిబంధన. మీకా ఇబ్బంది ఎందుకండీ?” అన్నారు. ఆయన కళ్లద్దాలు బల్ల మీద ఉన్నాయి. డిప్యూటీ కమిషనర్ ఎన్ని జతలైనా పెట్టుకోవచ్చు.

ఈ నాలుగు రోజులూ క్యారెట్లు తిన్నాను, పొద్దున్నే చన్నీళ్లతో కళ్లు కడిగాను, చేతిలో గీతలు చూస్తూ కూర్చున్నాను. గీతలు కూడా పొగమంచే. నా మీద నాకే అసహ్యం వేసింది.

కృత్తిక కార్తె, పదకొండో రోజు

కన్ను: ఎరుపు.

నిన్న సముద్రపు గాలి గట్టిగా వీచింది. చిరుగు సాగింది. ఇన్‌స్పెక్టరు ఇప్పుడు ఒక్కడు కాదు, పెద్ద బృందంతో వస్తున్నాడు. నరసమ్మ పిన్ని ఇంట్లో అడుగుపెడితే సాయంత్రందాకా కదలడం లేదు. ఎదురింటి అరుగు కూడా సగం ఎండలో మునిగింది.

ఈవేళ మంచం ఎత్తే నలుగురూ వలలు చూసుకోవడానికి పోయారు. పిన్నీ మరొకావిడా కలిసి ఈడ్చబోతే మంచం గడపలో ఇరుక్కుంది. ఎండ చిన్నాన్న కాళ్ల మీదికొచ్చేసింది. పిన్ని తన ఒళ్లు అడ్డం పెట్టి కేకలేస్తే జనం వచ్చారు. కుడిపాదం మాడిపోయింది.

నేను సాయంత్రం వెళ్లాను. ఆయన పాదానికి అరిటాకు చుట్టి ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు.

“ఈవేళ ఇనస్పెట్రు బూట్లు సూసినాడమ్మా. నాకు నేవని కోపమొచ్చినాది.”

పిన్ని నవ్వలేదు. వీపంతా తడిగుడ్డ కప్పుకుని కూర్చుంది.

“సుభాషిణమ్మా, నిన్ను ఒకటడుగుతాను. ఆ గుడ్డలో ఏటుందో మా కళ్లకే ఔపడతన్నాది. నీకెందుకు ఔపడదు? ఎవులైనా ఏటైనా ఇమ్మన్నారా? మాం ఇస్తాం, సెప్పు.”

ఆవిడ నన్ను లంచగొండి అనుకున్నందుకు బాధ కలగలేదు. లంచమైనా అయ్యుంటే బావుండేది, ఇచ్చుకుని ఈపాటికి గుడ్డ తెచ్చుకునేవాళ్లు. నా ఉద్యోగం కోసం ఆయన్ని ఎండలో పెట్టాను, అంతే. ఆ మాట ఆవిడతో చెప్పలేదు. ఆవిడ చెయ్యి ఒకసారి పట్టుకుని, లేచి వచ్చేశాను.

కృత్తిక కార్తె, పన్నెండో రోజు

కన్ను: కుశలం కాదు.

పట్టిక వెంటనే “కంటికి ఏమైందండీ?” అని అడిగింది. రేపు మూడోసారి చూశాక చెప్తానన్నాను. సరేనంది.

పొద్దుటి నుంచీ చట్టం ముందేసుకుని కూర్చున్నాను. అక్షరాలు కనబడవు కనక పట్టిక చేతే చదివించుకున్నాను. అది ఎంతసేపైనా విసుక్కోకుండా చదువుతుంది. పూతల అధ్యాయం అయింది, నేతల అధ్యాయం అయింది. చివరికి ఎవరూ అడగని అధ్యాయం ఒకటి వచ్చింది.

“పేలికలంటే ఏమిటి పట్టికా?”

“ముక్కలు చేసిన గుడ్డండి. ఆ ముక్కలు ఉన్నవి ఉన్నట్టుగా అసలు పనికి పనికిరాకూడదు. సుంకం లేదు. అనుమతి అక్కర్లేదు.”

“పూత ఉంటే?”

“ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనండి.”

“కన్ను చూడాలా?”

“అక్కర్లేదండి. పేలికల్ని ఎవరూ చూడరు. నేనే వదిలేస్తాను.”

“ముక్కలు ఎవరు చేశారని అడుగుతారా?”

కాసేపు వెతికింది. “చట్టం అడగలేదండి.”

ఇంకొక్కటి అడిగాను. ఒక్కో విడత ఎన్ని నమూనాలు తీయొచ్చని. కంటికి నమ్మకం కుదిరేదాకా, పరిమితి లేదు అంది.

నేను పదకొండేళ్లుగా ఈ శాఖలో ఉండి, దీని చట్టం విని ఇంత సంతోషపడిన రోజు ఇదే.

సాయంత్రం పిన్నికి చెప్పాను. చత్వారం సంగతి కూడా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టాల్సిందే.

“సూపు ఆననోళ్లని సూడమంటారేటమ్మా, ఆళ్లకి బుద్ధి నేదు. నీకు మట్టుకు నోరు నేదా?” అంది. తర్వాత, “కుట్టడానికెంతమంది కావాల?” అని అడిగింది.

“వీధంతా కావాలి పిన్నీ.”

కృత్తిక కార్తె, పదమూడో రోజు

కన్ను: చివరి చూపు.

గడ్డం ఆనించాను. పొగమంచు. తల ఎత్తి, ‘నిర్ధారణ కాలేదు. సరుకు మొత్తం బారెడు ముక్కలుగా నమూనాలు తీయవలెను’ అని రాసి సంతకం పెట్టాను.

త్రివిక్రమరావు గారు గోదాములోకి పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన పరిగెత్తగలరని అప్పుడే తెలిసింది.

“మొత్తం నమూనాలేమిటండీ?”

“పరిమితి లేదు సార్. కంటికి నమ్మకం కుదిరేదాకా అని ఉంది.”

“ఎప్పుడు కుదురుతుంది?”

“చివరి ముక్కకి కుదురుతుందేమో చూద్దాం సార్.”

పోలినాయుడు కత్తెర నూరుకుని వచ్చాడు. పిన్ని సాక్షిగా బల్ల మీద కూర్చుంది. పాతికేళ్లకోసారి వీధికొచ్చే గుడ్డ, చందాలేసుకుని సముద్రం అవతల నేయించుకున్నది, కరకరా తెగుతుంటే ఆవిడ ముఖం చూడలేకపోయాను. కాని ఆవిడ లేవలేదు. ఒకచోట కత్తెర వంకరపోతే, “తిన్నగా కొయ్యి నాయినా, కుట్టుకోవాల” అని మాత్రం అంది.

మధ్యాహ్నానికి చుట్టలు లేవు, గోదాము నిండా ముక్కలే. పట్టిక వాటిని ఒక్క క్షణం చూసింది.

“ఇవి పేలికలండి. తీసుకెళ్లొచ్చు.”

“ఆగు. ఇవి నమూనాలు” అన్నారు త్రివిక్రమరావు గారు.

“నమూనాలుగా తీసినవి సార్. ఇప్పుడున్నవి పేలికలు. రికార్డు గదికి ఒకటి ఉంచుకుని తక్కినవి ఇవ్వండి” అన్నాను.

ఆయన పట్టికతో వాదించారు. ఆయనకి జ్ఞానం ఉంది, దానికి చట్టం ఉంది. బండి బయల్దేరాక నాకు కంటి పరీక్ష కాగితం ఇచ్చారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఇక రేపటి నుంచి ఈ రేవులో పూతగుడ్డలన్నీ ఎవరు చూస్తారని అడిగారు. పరిశీలన త్వరగా పూర్తి చెయ్యమని రాజధానికి రాయండి అన్నాను.

రోహిణి కార్తె, రెండో రోజు

కన్ను: పరీక్ష తప్పింది.

పరీక్ష తేలికగానే ముగిసింది. ఒక కాగితం జానెడు దూరంలో పెట్టి చదవమన్నారు. కాగితం ఉందని చెప్పగలిగాను. శాలువా కప్పారు. పట్టిక నన్ను ఏ పద్దు కింద తీసెయ్యాలో తెలియక కాస్త తికమకపడి, చివరికి ‘వాడుకలో అరిగిన పరికరం’ కింద రాసింది.

వీధిలో కుట్టు సాగుతోంది. పాత గుడ్డ నీడ మిగిలినంత మేర, పంపు దగ్గర్నించి వరసగా కూర్చున్నారు. వలలల్లే మగవాళ్లు, బొంతలు కుట్టే ఆడవాళ్లు, స్కూలు పంతులు, మెడికల్ షాపాయన. వల కుట్టే దారంతో దబ్బనాలు పెట్టి రెండు వరసల కుట్టు. చిన్నాన్న మంచం కూడా తెచ్చి మధ్యలో వేశారు. ఆయన పడుకున్నచోటి నుంచే ఏ ముక్క ఎక్కడ పడాలో చెబుతున్నాడు. ఎవరూ వినడం లేదు, ఆయన చెప్పడమూ మానడం లేదు.

నేనూ ఒక ముక్క తీసుకుని కూర్చున్నాను. దబ్బనంలోకి దారం ఎక్కించబోతే ఎక్కలేదు. మళ్లీ ప్రయత్నించాను. దారం కొస తడిపాను. వీధంతా చూస్తున్నట్టు అనిపించింది.

చిన్నాన్న తలగడ కిందనుంచి తన కళ్లజోడు తీసి చాపాడు. వలలు బాగుచేసే రోజుల్లోది, ఒక పక్క దారం కట్టి ఉంది.

“ఎట్టుకోమ్మా. ఇక్కడ గవర్నమెంటు నేదు.”

పెట్టుకున్నాను. దారం పోగులు విడివిడిగా కనబడ్డాయి. ఒళ్లో గుడ్డ మీద పూత చారలు, ఎడమ నుంచి కుడికి, ఏటవాలుగా, సన్నగా, సుద్దముక్కతో గీసినట్టు ఉన్నాయి. మూడుసార్లు గడ్డం ఆనించి నేను చూడలేనివి అవే. తల ఎత్తితే పక్కనే ఆయన పాదం ఉంది. అరిటాకు తీసేశారు. పొక్కులన్నీ ఒక్కొక్కటీ కనబడ్డాయి. ఏడుపు ఆగలేదు. కళ్లజోడు తడిసిపోతే పిన్ని తన కొంగుతో తుడిచి మళ్లీ నా ముక్కు మీద పెట్టి, “ముందు కుట్టు” అంది.

రోహిణి కార్తె, ఐదో రోజు

కన్ను: కళ్లజోడులో కుశలం. ఇది రాయమని ఇప్పుడు ఎవరూ అడగరు. అలవాటు.

అంతా కుట్టాక ఒక ముక్క తక్కువొచ్చింది. రికార్డు గదిలో ఉన్నది. కుట్లలో పోయిన గుడ్డ పోగా మిగతా పేలికలతో సరిగ్గా వీధి మూసుకుంది, ఆ ఒక్క ముక్కంత సందు తప్ప. పాత గుడ్డతో మూద్దామంటే అది దించుతుంటేనే పొడిపొడిగా రాలిపోయింది.

ఆ సందు ఎక్కడ ఉండాలన్న దాని మీద నీడసంఘం కూర్చుంది. అందరూ త్యాగం గురించి మాట్లాడారు. పంపు పక్కవాళ్లు స్కూలు పైన పెడదామన్నారు, ఈ నెల స్కూలు లేదు కాబట్టి. పంతులు మెడికల్ షాపు పైన పెట్టమన్నాడు, అక్కడ మందులున్నాయి కాబట్టి. ఎవరో కస్టమ్స్ ఆఫీసు పైన అన్నారు, కాని అది మా వీధిలో లేదు.

“మా ఇంటి మీద పెట్టండి” అన్నాను.

త్యాగం గురించి మాట్లాడడం ఆగిపోయింది.

“నువ్వొక్కదానివే ఉంతావు కదమ్మా” అంది పిన్ని.

“అందుకే. మంచం ఎత్తాల్సినవాళ్లు ఎవరూ లేరు. నేనే లేచి పోతాను.”

రోహిణి కార్తె, ఆరో రోజు

పేలికల బొంత పైకెక్కింది. తాళ్లు లాగి కట్టేసరికి వీధి చల్లబడింది. దబ్బనం పోట్లలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడింది. పిల్లలు వాటిని తొక్కుకుంటూ తిరిగారు. అవి ఎవరినీ కాల్చేంతవి కావు.

భోజనాల వేళ చిన్నాన్న ఇంటి మీద నీడ కదలలేదు. పైన బొంత నిండుగా ఉంది. పిన్ని నిద్రపోయింది. రెండేళ్ల తర్వాత ఆవిడ ఆ వేళప్పుడు పడుకోవడం ఇదే మొదలు.

సాయంత్రం వెళ్తే చిన్నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పాదం నొప్పా అంటే కాదన్నాడు. అన్నం తిన్నావా అంటే తిన్నానన్నాడు. చివరికి ఇటు తిరిగాడు.

“ఇన్నాళ్లూ ఇనస్పెట్రు వొస్తాడనీసి నలుగురూ వొచ్చీవోరు. ఎత్తుకుంతా ఊసులాడీవోరు. ఎదరింటి అరుగు మీద పేకాట సూసీవోణ్ని. ఈవేళ ఒక్కడూ రానేదమ్మా. ఎందుకొస్తారు, పని నేదు కదేటి.”

ఆయన్ని ఎండలోంచి తప్పించడానికి ఉద్యోగం పోగొట్టుకున్నాను గాని, ఎండతో పాటు ఆయన దగ్గరికి ఇంకా ఏమేం వచ్చేవో నేను చూడలేదు.

రోహిణి కార్తె, ఏడో రోజు

సరిగ్గా వడ్డించుకునే వేళకి ఇన్‌స్పెక్టరు మా గడప తొక్కాడు. పద్ధతి గల మనిషి. ముందు గుమ్మం, తర్వాత పీట, తర్వాత మంచినీళ్ల బిందె, ఒక్కొక్కటే చూసుకుంటూ లోపలికొచ్చాడు. బిందె పక్కకి జరిపి, కళ్లజోడు పెట్టుకుని, కంచం చేత్తో పట్టుకుని, కుర్చీ భుజానికి తగిలించుకుని వీధి చివరికి నడిచాను.

చిన్నాన్న గుమ్మం వైపే చూస్తున్నాడు.

“ఇనస్పెట్రు వొచ్చీసినాడేటి?”

“వచ్చాడు చిన్నాన్నా. సాయంత్రందాకా కదిలేట్టు లేడు.”

“రోజూ వొస్తాడేటి?”

“రోజూ ఇదే వేళకి వస్తాడు. నాకు వేరే దారి లేదు.”

ఆయన కాస్త ఆలోచించి మంచం మీద పక్కకి జరిగి, కంచం పెట్టుకోవడానికి చోటిచ్చాడు. తర్వాత పిన్నిని లేపి, పేకముక్కలు ఎక్కడ పెట్టిందో అడిగాడు.